రెండోసారి ఎత్తిన చేయి

కోవూరు,
18–9–1961.

అత్తకు కరుణ వందనాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగానే చెప్పేస్తాను. వచ్చే ఎన్నికల కోసం ఓటర్ల జాబితా సరిచేస్తున్నారు. రాసే గుమాస్తా పోయిన వారం మన పల్లెకు వచ్చి ఇంటింటికీ తిరిగాడు. మన గుమ్మం ముందు నిలబడి నీ పేరు చదివి, “ఈమె ఏదీ?” అని అడిగాడట. చిట్టమూరులో ఉందని అమ్మ చెప్పింది. “ఎప్పుడొస్తుంది?” అన్నాడట. “తెలియదు” అంది అమ్మ. ఆయన నీ పేరు పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుని వెళ్ళాడు. వచ్చే నెలాఖరులోగా నువ్వు వచ్చి, నా ఇల్లు ఇదేనని చెబితే ఆ గీత చెరిపేస్తారు. రాకపోతే పేరు కొట్టేస్తారు.

పెద్దలకు ‘మీరు’ అని రాయాలని బడిలో పిల్లలకు నేర్పేది నేనే. మొదట అలాగే రాశాను. చదివించుకుని నువ్వు నవ్వుతావనిపించింది. ఆ కాగితం చించేసి మళ్ళీ మొదలుపెట్టాను.

నాకు ఇరవై ఒకటి నిండాయి కదా, ఈసారి జాబితాలో నా పేరు కూడా ఎక్కింది. వారం వారం ఇంటికి వస్తూనే ఉన్నాను కాబట్టి పల్లెలోనే రాయించుకున్నాను. గుమాస్తా నా పేరు రాసుకున్నాడని అమ్మ చెప్పగానే నాకు గుర్తొచ్చింది నువ్వే. నాకు ఆరేళ్ళప్పటి సంగతి. మామ బర్మా యుద్ధంలో పోయినందుకు సర్కారు నీకు పింఛను ఇచ్చింది, పింఛనుతోపాటు ఓటూ వచ్చింది. అప్పుడు పన్ను కట్టేవాళ్ళకూ చదువు వచ్చినవాళ్ళకూ తప్ప ఓటు ఎక్కడిది? మన పల్లె మొత్తానికి ఒక్కటే ఓటు, అదీ సిపాయి పెళ్ళానివని నీకు. నువ్వు తెల్లచీర కట్టుకుని నన్ను చంకనేసుకుని కావలి బయలుదేరితే, పల్లె పల్లెంతా ఉప్పుకాలవ గట్టుదాకా సాగనంపింది. చిన్నపోలయ్య మామ నీళ్ళ అవతలినుంచి, “మగ్దలీనమ్మా, మా అందరిదీ కూడా వేసిరా” అని కేకేశాడు. అది నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఇప్పుడందరికీ ఓటుంది. నీ పేరు మీద గీత ఉంది. అది నాకు నచ్చలేదు.

రెండేళ్ళ కిందట పంచాయతీ ఎన్నిక జరిగినప్పుడు నేను నెల్లూరు ట్రైనింగు స్కూల్లో ఉన్నాను. ఆ మర్నాడే నువ్వు ఇల్లు విడిచావని తెలుసు. ఎందుకో తెలియదు. నాయనను అడిగితే, “అక్కకు ఆస్పత్రి వంటశాలలో పని దొరికింది” అంటాడు, అంతే.

ఆదివారం గుడిలో ఇద్దరు పిల్లల బాప్తిస్మం కోసం సంఘకూటం జరిగింది. నా బాప్తిస్మం గుర్తొచ్చింది. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమంటే ముసలమ్మ అవ్వ ఒక్కతే ఎత్తలేదు కదూ? “ఈ పిల్ల మా మునగాకు అడక్కుండా దూసకపోయింది” అని అడ్డం చెప్పింది. అయినా నేను నెగ్గాను. ఎప్పటిలాగే పాస్టరుగారు చివర, “ఇప్పుడు అందరం కలిసి” అనేసరికి ఆమె కూడా ఎత్తింది. ఎత్తి, నావైపు చూసి, “ములక్కాయలు మాత్రం కోయబాకు” అంది. నువ్వు నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నావు.

నాయన బాగున్నాడు. ఈ ఏడు చెంచురామయ్యగారి దిగువ చేను కూడా నాయనకే కౌలుకు వచ్చింది. నీ ట్రంకుపెట్టె అటకమీదికి ఎత్తించాడు.

నువ్వు వస్తావని గుమ్మంవైపు చూసే
కరుణ

*

చిట్టమూరు,
2–10–1961.

కరుణకు మీ అత్త మగ్దలీనమ్మ చెప్పి రాయించేది. రాసేది మా కాంపౌండరు సమాధానంగారు. ఈయన ఊరకనే రాయడు, మధ్యలో తన మాట దూరుస్తాడు. అవి నావి కావు.

నీ జాబు రెండుసార్లు చదివించుకున్నా. నా పెట్టెను అటకెక్కించినాడా? మంచిది. మనిషి ఎట్టాగూ పోయింది, పెట్టె గూడా కంట పడకూడదు పాపం. దిగువ చేను గూడా వచ్చిందా? నేననుకుంటానే ఉండా. ఎత్తిన చేయి ఊరికే పోతుందా, రెండేళ్ళకైనా కూలి ముట్టింది.

ఎవరూ చెప్పలేదంటివే, నేను చెబుతా విను. ఆ పొద్దు బడి వాకిట్లో ఊరూ పల్లే కూడినాము. పెట్టె లేదు, కాగితం లేదు. చేతులెత్తితే లెక్కపెట్టుకుంటారు. ఇటు మన చిన్నపోలయ్య, అటు చెంచురామయ్య. చెంచురామయ్య అరుగుమీద కుర్చీ ఏసుకోని, చేలో కొంగల్ని చూసినట్టు ఒక్కొక్క చేతినీ చూస్తా ఉండాడు, ఎవుడెవుడు తన కౌలుదారో. ఆఫీసరు, “చిన్నపోలయ్యకు ఎవరు?” అన్నాడు. పల్లె పల్లెంతా ఎత్తింది. ఆ చూపుకు జడిసి దించినోళ్ళు ఒక్కరు లేరు. నీ నాయన నా పక్కనే ఉండి ఎత్తినాడు. నా కడుపు నిండిపోయింది.

లెక్క రాసుకున్నాక, “చెంచురామయ్యకు ఎవరు?” అన్నాడు. ఊరు ఎత్తింది. పక్కకు చూస్తే నీ నాయన చేయి. అదే చేయి, మళ్ళా పైన. మోచేత్తో పొడిచినా. దించేది పోయి ఇంకా పైకి ఎత్తినాడు. నవ్వుతా నిలబడినాడు. ఒక్క చేయి తేడాతో చిన్నపోలయ్య ఓడిపోయినాడు.

ఇంటికొచ్చి, “ఏందిరా సంజీవీ ఇది?” అంటే, “పోన్లే అక్కా, అందరం ఒకటే గదా” అన్నాడు. ఒకటే అంట.

(ఇక్కడ ఆమె ఒక మాట అన్నది. ఆస్పత్రి కాగితం మీద రాయదగినది కాదని వదిలివేశాను. — సమాధానం)

మేము వెనక సరుగుడు చెట్టు కింద ఉంటిమి. పల్లెలో ఇంకెవరూ చూడలా. నేను ఎవరితోనూ అనలా. అనుంటే వాడు పల్లెలో తలెత్తుకోగలడా? అననూ లేను, వాడి చేతి కూడు తిననూ లేను. అందుకే వచ్చేసినా. ఈ మాట నీ కడుపులోనే ఉండనీ.

కావలి సంగతి గుర్తు చేసినావు. ఆ గదిలో రంగులేసిన పెట్టెలు ఉండినాయి. మన కిరస్తానీ వాళ్ళకు వేరే పెట్టె, వేరే గుమాస్తా. నీకు ఆకలేసి ఒకటే ఏడుపు, గేటుకాడ పోలీసాయన బెల్లంముక్క పెట్టినాడు. చిన్నపోలయ్య అందరిదీ వేసిరమ్మన్నాడు గదా, నేను కాగితం పెట్టెలో వేసే ముందర పల్లెలో ఒక్కొక్క ఇల్లూ తలుచుకున్నా. గుమాస్తా, “ఏమ్మా, ప్రార్థనా?” అన్నాడు. ఔనన్నా.

అంత చేసి వేసిన ఓటు నాది. చేను కోసం చేయి అమ్ముకున్న ఇంట్లో నా పేరు అక్కర్లేదు. కొట్టేస్తే కొట్టేయనీ.

నువ్వు వేళకు తిను. చాక్‌పీసు పొడి గొంతుకు మంచిది కాదంట, బెల్లం చప్పరించు.

మీ అత్త వేలిముద్ర

*

కోవూరు,
16–10–1961.

అత్తకు,

నీ ఉత్తరం అందగానే, ఆ ఆదివారమే ఇంటికి వెళ్ళాను.

దిగువ చేను సంగతి నువ్వనుకున్నట్టు కాదు. పోయిన ఏడు గాలివానకు సముద్రం పొంగి ఆ చేలోకి ఉప్పునీళ్ళు ఎక్కాయి. ఎవరూ తీసుకోకపోతే నాయన తీసుకున్నాడు. అమ్మా ఆయనా పైమన్ను తోడి గట్టుకు మోస్తూనే ఉన్నారు. కౌలులో గింజ తగ్గలేదు. పెట్టె అటకెక్కించింది నీ గది కప్పు కారుతుంటే, నీ చీరలు తడుస్తాయని. ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే వివరంగా రాయవలసింది.

చేయి సంగతి మాత్రం అడిగాను. నువ్వు చెప్పావనలేదు. “రెండోసారి కూడా ఎత్తావా నాయనా?” అన్నాను. “ఎత్తినాను” అన్నాడు, చద్దన్నం తింటూ, ఇంకో ఉల్లిపాయ ఇవ్వమన్నంత తేలిగ్గా. నేను లేచి బస్సుకు వచ్చేశాను. అంటే నువ్వు చెప్పింది నిజమే.

బడిలో ఐదో తరగతికి ఓటు గురించి పాఠం ఉంది. “ఓటు అమ్ముకోరాదు” అన్న వాక్యం పిల్లలచేత చదివించకుండా దాటేశాను. నిన్న ఆదివారం ఊరికి వెళ్ళలేదు. పరీక్షలున్నాయని కబురు పెట్టాను. లేవు.

కరుణ

*

చిట్టమూరు,
25–10–1961.
(కార్డు)

కరుణకు. నా కోపం నాది, నువ్వు ఎత్తుకోబాక. అది నేను మోయగలను, నీకు అలవాటు లేదు. వచ్చే ఆదివారం ఇంటికి పో. వాడికి రొయ్యపొట్టు ఇష్టం, కోవూరు సంతలో మంచిది దొరికితే తీసకపో. నేను చెప్పినానని చెప్పబాక.

మగ్దలీనమ్మ

(పుట్టెడు కోపంలో రొయ్యపొట్టు ఎలా వచ్చిందని అడిగాను. నీ పని రాయడమే అన్నది. — సమాధానం)

*

కోవూరు,
28–2–1962.

అత్తా,

సమాధానంగారూ, దయచేసి దీన్ని ముందు మీరు చదువుకోకండి. మా అత్తను కూర్చోబెట్టి, ఆమెతోపాటే చదవండి.

ఎన్నికలకు బడిపంతుళ్ళను వేశారు. ఆడవాళ్ళ వరస చూసుకోవడానికి ఆడమనిషి కావాలన్నారు, ఈ చుట్టుపక్కల చదివినవాళ్ళు తక్కువ కాబట్టి నన్ను మన పల్లె ఓటు వేసే బడికే పంపారు. ఆ పంచాయతీ రోజు మీరంతా నిలబడ్డ వాకిలే. సరుగుడు చెట్టు ఇంకా ఉంది. నా పని వేలికి సిరా పెట్టడం. సీసా ఒకటే కావడంతో మగవాళ్ళ వేళ్ళూ నా ముందుకే వచ్చాయి.

ఇదివరకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె ఉండేది కదా, నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవాళ్ళం అని మీరు చెప్పేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు. గుర్తులన్నీ కాగితం మీదే అచ్చువేస్తారు. మరుగులోకి వెళ్ళి నచ్చిన గుర్తు మీద ముద్ర గుద్ది, మడిచి, అందరూ ఒకే పెట్టెలో వేయాలి. ముసలమ్మ అవ్వ మరుగులోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. తీరా చూస్తే బల్ల కింద వెతుకుతోంది. “నా పెట్టె యాడమ్మే? పోయినసారి పూలు గూడా పెట్టినానే.” ఒకటే పెట్టె అవ్వా అన్నాను. “అందరిదీ ఒకదాంట్లోనేనా? కలిసిపోవా?” అంది. కలిసిపోవాలనే అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే చెంచురామయ్యకు ఎట్టా తెలుస్తాది ఎవరిది ఎవరికో?” అంది. తెలియదు అవ్వా అన్నాను. ఆమె నోట్లో పళ్ళు లేవని నీకు తెలుసు కదా. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది.

పొద్దు కాస్త వాలాక నాయన వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కూతురినని కనపడనీయకుండా, పరాయివాడిలాగా వేలు చాపాడు. అది ఉప్పుమన్ను తోడి తోడి పగిలిపోయి ఉంది. సిరా ఆ పగుళ్ళలోకి దిగింది.

ఈసారి ఢిల్లీకి ఒకటి, హైదరాబాదుకు ఒకటి, రెండు ఓట్లు. నా పక్కనున్న గుమాస్తా రెండు కాగితాలు చేతిలో పెట్టాడు. నాయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను.

“రెండోది గూడా ఇప్పుడే వేసేదా సామీ, లెక్క తేలినాక అందరం కలిసి వేసేదా?”

“ఏ లెక్క?” అన్నాడు గుమాస్తా.

“మొదటిది ఎవరిష్టం వాళ్ళది గదా. ఎవరు నెగ్గినారో తేలినాక, రెండోది అందరం ఆయనకే గదా వేయాల. లేకుంటే ఓడినోళ్ళు పగ పెట్టుకోని ఇంటికి పోతారు.”

గది గదంతా నవ్వింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒకాయన, “ఇది మీ గుడి అనుకున్నావా సంజీవీ?” అన్నాడు. నాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఏదో తప్పు మాట్లాడానని మాత్రం అర్థమైనట్టుంది, మెడ వంచుకుని మరుగులోకి వెళ్ళిపోయాడు. నా చేతిలో సిరాపుల్ల అలాగే ఆగిపోయింది. ముందు ఎవరిదో వేలు, ఎంతసేపు అలా చాచి ఉంచారో నాకు తెలియదు.

అత్తా, నీకు అర్థమైందా? మనం గుడిలో ఎప్పుడూ చేసేదే ఆయన చేశాడు.

సాయంత్రం చేని గట్టు మీద అడిగాను.

“ఆ పంచాయతీ రోజు రెండోసారి ఎందుకెత్తావు నాయనా?”

“ఊరోళ్ళే ఎక్కువుండారనిపించె నాకు. నెగ్గేవోడికి మనం గూడా ఎత్తకుంటే ఎట్టమ్మా? మనం ఎత్తితేనే గదా ఆయన మనోడయ్యేది.”

“మరి పల్లెవాళ్ళు ఇంకెవరూ ఎత్తలేదు కదా.”

“అదే నాకూ తెలీలా. పాస్టరుగారు లేరు గదా, అందరూ మర్చిపోయినట్టుండారే అనుకున్నా.”

“అత్త మోచేత్తో పొడిచిందట కదా.”

“పొడిచింది. సరిగ్గా ఎత్తరా అంటుండాదని ఇంకొంచెం పైకెత్తినా. మొదటిసారి గట్టిగా ఎత్తలేదనే అక్కకు కోపం అనుకుంటుండా ఇన్నాళ్ళూ.”

నేను ఆగలేకపోయాను. ఆ చేతిని కూడా లెక్కలో వేసుకున్నారని, ఆ ఒక్కదానితోనే చిన్నపోలయ్య మామ ఓడిపోయాడని చెప్పేశాను. చెప్పకూడదేమో అత్తా. ఆయన సిరా పెట్టిన వేలిని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఒక్క మాట అన్నాడు. “అందుకా అక్క పోయింది?”

పొద్దు గూకినాక ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. కోవూరు బస్సు పోయింది. బడికి మర్నాడు ఆలస్యంగా వెళ్ళాను.

నీ కరుణ

*

చిట్టమూరు,
9–3–1962.

కరుణకు.

నవ్విందెవరు? ఆ కిటికీ కాడ కూర్చున్నోడి పేరు రాయి. వాడికి గుడి ఎగతాళా? వాడి తాతకు ఓటు లేనప్పుడు నాకుండాది. నా తమ్ముడు అడిగిందాంట్లో నవ్వేదేముంది? తెలీకపోతే అడగరా?

నువ్వన్నా నవ్వేవోళ్ళను కసరాల్సింది. పంతులమ్మవి గదా.

మా అమ్మ పోయేటప్పటికి సంజీవికి మాటలు సరిగ్గా రాలా. నేనే వాణ్ణి గుడికి ఎత్తుకపోయేదాన్ని. అప్పుడు గుడి అంటే తాటాకు పందిరి, కింద ఇసుక. సంఘకూటం పొద్దుపోయిందాకా జరిగేది, వాడు నా ఒళ్ళో నిద్రపోయేవాడు. చేతులెత్తమన్నప్పుడు నాది ఎత్తి, వాడి మణికట్టు పట్టుకోని వాడిది గూడా ఎత్తేదాన్ని. కొంచెం పెద్దయినాక, “రెండోసారి ఎందుకక్కా?” అని అడిగేవాడు. వాడు ఆ గుమాస్తాకు చెప్పినాడే ఒక మాట, ఓడినోళ్ళు పగ పెట్టుకోని పోతారని. ఆ మాట వాడికి ఎవరు నేర్పినారో నువ్వు అడగలా. మంచిపని చేసినావు.

ఇంక రాయించను. ఈ పొద్దు కళ్ళు మండతుండాయి. వంటశాలలో పచ్చికట్టెలు తెచ్చి వేసినారు.

మగ్దలీనమ్మ

(అమ్మాయీ, నేను సమాధానం. కట్టెలు పచ్చివి కావు. ఇది ఆమె వెళ్ళిన తరువాత రాస్తున్నాను. మొన్న ఎన్నికల రోజు ఇక్కడ ఆస్పత్రి వాళ్ళందరం వెళ్ళి ఓటు వేశాం, మీ అత్త ఒక్కతే పొయ్యి దగ్గర ఉండిపోయింది. జాబితాలో పేరు లేదు. పోయిన ఏడు రాసేవాడు వచ్చి అడిగితే, “మాది ఇక్కడ కాదు” అని పంపేసింది. అందరం తిరిగివచ్చాక మా వేళ్ళు చూసి ఏమన్నదో రాస్తాను: “ఎవరికీ లేనప్పుడు నాకుండె. అందరికీ వచ్చినప్పుడు నాకు లేకపోయె.” ఇందులో నా మాట ఒక్కటీ లేదు.)

*

కోవూరు,
12–4–1964.

అత్తకు కరుణ వందనాలు.

రెండు క్రిస్మసులకు వస్తానన్నావు. ఒకసారి వార్డు నిండా కలరా అన్నావు. ఒకసారి వంటమనిషి దొరకలేదన్నావు, వంటమనిషివి నువ్వే అయినా. నాయన రెండుసార్లూ బిట్రగుంట స్టేషనుకు బండి కట్టుకుని వెళ్ళి, పాసింజరు వెళ్ళిపోయేదాకా నిలబడి, తిరిగి వచ్చాడు. నేను నిన్ను అడగలేదు. నువ్వు ఎందుకు రాలేకపోతున్నావో నాకు తెలుసనుకుంటున్నాను. కానీ ఇప్పుడు అడగక తప్పదు.

పంచాయతీలకు కొత్త చట్టం వచ్చింది. ఇంక చేతులెత్తేది లేదు. పంచాయతీకి కూడా కాగితం, మరుగు, పెట్టె. అరుగుమీద కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళకు చూడటానికి ఏమీ ఉండదు. ఆడవాళ్ళకని వేరే స్థానం కూడా పెట్టారు. మన పల్లెవాళ్ళు గుడిలో కూర్చుని దానికి ఎవరిని నిలబెట్టాలా అని మాట్లాడుకున్నారు. నన్ను అడుగుతారేమోనని నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను, అబద్ధమెందుకు. చిన్నపోలయ్య మామ నావైపు చూడనేలేదు. “మనకు ఒక్క ఓటు ఉన్నప్పుడు దాన్ని మోసింది మగ్దలీనమ్మ. ఇప్పుడు ఇన్ని ఉండాయి. ఇంకెవరు మోస్తారు?” అన్నాడు. అందరూ ఔనన్నారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఎన్నికలైన తర్వాతి ఆదివారమే నాయన చిన్నపోలయ్య మామ ఇంటికి వెళ్ళి, ఆ చేయి తనదని చెప్పాడు. మామ చాలాసేపు చుట్ట కాల్చి, “ఇన్నాళ్ళూ నేను నా బావమరిది మీద అనుమానపడి వాడితో మాటలు మానుకున్నానురా. ఇప్పుడు వాడికేం చెప్పేది?” అన్నాడట. ఆ బావమరిది ఇప్పుడు నాయన కనబడితే చేయి పట్టుకుని పైకెత్తి చూస్తాడు, ఇంకో చెయ్యేమైనా దాచావా అని. ఇప్పుడు పల్లెలో అది ఒక వేళాకోళం. పగ మాత్రం కాదు. నువ్వు కాపాడి మోసిన గుట్టు ఇప్పుడు గుట్టు కాదు అత్తా, దించేయవచ్చు.

నిలబడాలంటే ఇక్కడి జాబితాలో నీ పేరుండాలి. పేర్లు చేర్చడానికి ఈ నెలాఖరుదాకా గడువు. నువ్వే వచ్చి ఇక్కడ ఉంటానని చెప్పాలి. చిట్టమూరులో ‘మాది ఇక్కడ కాదు’ అన్నావట కదా. ఆ మాట మిగతా సగం ఇక్కడ వచ్చి చెప్పు, చాలు.

ఇంకొకటి. సంఘం విడిచి ఇంతకాలం దూరంగా ఉన్నవాళ్ళు తిరిగివస్తే, వాళ్ళను చేర్చుకోవడానికి సంఘకూటంలో చేతులెత్తాలని నీకు తెలుసు. మే మొదటి ఆదివారం పెట్టుకుందామని పాస్టరుగారు అన్నారు. ముసలమ్మ అవ్వ మొదటిసారి ఎత్తనని ఇప్పటికే చెప్పేసింది. ఐదేళ్ళు చెప్పాపెట్టకుండా పోయినందుకు అంట. అందరం కలిసి ఎత్తేటప్పుడు ఎత్తుతుందట.

నాయన దిగువ చేలో ఈ ఏడు మొదటిసారి మొలగొలుకుల వడ్లు పండాయి. అమ్మ నీ గది కప్పు కొత్త తాటాకుతో నేయించింది, పెట్టె కిందికి దింపింది. పోయిన ఆదివారం ఇంటి దగ్గర, నీకు రాయబోతున్నానని చెబితే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అత్తకు ఏం రాయమంటావు అని అడిగాను. ఆలోచించి, ఇలా రాయమన్నాడు:

“పంచాయతీ నాడు నేను మరుగులోకి పోయి ఒక్కసారే వేస్తా. నేర్చుకున్నా. గుడిలో అక్కను చేర్చుకునే రోజు మాత్రం రెండుసార్లూ ఎత్తతా. ఎవరు పొడిచినా దించను.”

నాయుడుపేటలో ఏ రోజు పాసింజరెక్కుతావో నిర్ణయించుకుని రాయించు. నాయన బండి బిట్రగుంట చేరడానికి ఒక రోజు ముందు బయలుదేరాలి, కాబట్టి నీ జవాబు ఏప్రిల్ 25వ తేదీకల్లా నాకు అందాలి.

నీ కరుణ